ఎనిమిదో ఛానెల్ ఎందుకు రాదు?

డాలస్‌కి ఉత్తరాన ఉన్న ప్లేనో, ఫ్రిస్కో, ప్రాస్పర్ ఊళ్లలో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. ఉచితంగా టీవీ వస్తుందని విని ముప్పై డాలర్లకి ఒక పల్చటి యాంటెన్నా కొని కిటికీకి అతికించిన ఇళ్లలో ఒక విచిత్రం కనిపిస్తుంది. నాలుగు, అయిదు, పదకొండు, పదమూడు ఛానెళ్లు వస్తాయి. ఎనిమిది రాదు. వచ్చినా బొమ్మ మాటిమాటికీ ఆగిపోతుంది. ఎనిమిది అంటే ఏబీసీ నెట్‌వర్క్ స్టేషన్, డబ్ల్యూఎఫ్‌ఏఏ. మిగతా స్టేషన్ల టవర్లు ఉన్న చోటే దాని టవరూ ఉంది. మరి అదొక్కటే ఎందుకు రాదు? ఈ ఒక్క ప్రశ్నకి జవాబు తెలిస్తే, ఇంటి బయట పెట్టుకోవాల్సిన యాంటెన్నాని ఎలా ఎంచుకోవాలో సగానికి పైగా తెలిసినట్టే.

ముందు ఈ ఉచిత టీవీ ఏమిటో చూద్దాం. అమెరికాలో ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ, ఫాక్స్, పీబీఎస్ కార్యక్రమాలని ప్రతి పెద్ద నగరంలోనూ స్థానిక స్టేషన్లు టవర్ మీంచి ప్రసారం చేస్తాయి. దీన్ని ఓవర్ ది ఎయిర్ (కేబుల్, ఉపగ్రహం, ఇంటర్నెట్ లేకుండా నేరుగా గాలిలో వచ్చే) ప్రసారం అంటారు. దీనికి చందా లేదు, లైసెన్సు లేదు. వాణిజ్య స్టేషన్లకి ప్రకటనల డబ్బు, పీబీఎస్‌కి విరాళాల డబ్బు. సిగ్నల్ అందుకునే ట్యూనర్ (గాలిలోని తరంగాన్ని బొమ్మగా మార్చే భాగం) మీ టీవీలో ముందే ఉంటుంది. దానికి తగిలించాల్సింది యాంటెన్నా ఒక్కటే.

ఇప్పుడే దీని గురించి ఎందుకు? ఇంటర్నెట్ ద్వారా ప్రత్యక్ష ఛానెళ్లు ఇచ్చే సేవల ధరలు చూడండి. యూట్యూబ్ టీవీ 2017లో నెలకి 35 డాలర్లతో మొదలైంది. 2025 జనవరి నాటికి అది 82.99 డాలర్లకి చేరింది. అంత డబ్బు కట్టేవాళ్లలో చాలామంది నిజంగా చూసేది నాలుగైదు స్థానిక ఛానెళ్లే: సాయంత్రం వార్తలు, ఆదివారం ఫుట్‌బాల్, వసంతకాలంలో టోర్నడో హెచ్చరికలు. గాలివానకి ఇంటర్నెట్ పోయినప్పుడు కూడా టవర్ నుంచి ప్రసారం వస్తూనే ఉంటుంది. టెక్సస్‌లో ఇది చిన్న విషయం కాదు.

దీనితో రానివి కూడా చెప్పుకోవాలి. ఈటీవీ, జెమిని లాంటి తెలుగు ఛానెళ్లు యాంటెన్నాతో రావు. ఈఎస్‌పీఎన్, సీఎన్ఎన్ కూడా రావు. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకి సీరియల్ కావాలంటే దారి వేరు. యాంటెన్నా పెడితే అన్ని బిల్లులూ పోతాయని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇండియాలో ఉన్న పాఠకులకి ఒక మాట. మన ఊళ్లలో ఒకప్పుడు డాబా మీద ఉండే అల్యూమినియం ఊచల యాంటెన్నా ఇప్పుడు అక్కడ దాదాపు పనికిరాదు. కీలక ప్రాంతాల్లోని సుమారు 50 తప్ప మిగతా అనలాగ్ ట్రాన్స్‌మిటర్లన్నింటినీ 2022 మార్చి 31 కల్లా మూసేయాలని ప్రసారభారతి నిర్ణయించింది. అక్కడ ఉచిత టీవీ అంటే ఇప్పుడు డీడీ ఫ్రీ డిష్. అది ఉపగ్రహం నుంచి వస్తుంది, దానికి గిన్నెలాంటి డిష్ కావాలి. అమెరికాలో ఉన్న బంధువులు ఏదో యాంటెన్నా పెట్టుకున్నారని అదే రకం తెప్పించుకుంటే డబ్బు వృథా.

ఆ పాత యాంటెన్నా రోజులు గుర్తున్నవాళ్లకి ఒక అలవాటు ఉంటుంది. సిగ్నల్ తగ్గితే తెర మీద చుక్కలు పడేవి. ఒకరు పైకెక్కి తిప్పుతుంటే కిందనుంచి ఇంకొకరు "ఇప్పుడొచ్చింది, ఆపు" అని అరిచేవాళ్లు. అనలాగ్ సిగ్నల్ కొంచెం కొంచెంగా పాడవుతుంది కాబట్టి ఆ పద్ధతి నడిచింది. అమెరికాలో పూర్తిస్థాయి స్టేషన్లన్నీ 2009 జూన్ 12న అనలాగ్ ఆపేసి డిజిటల్‌కి మారాయి. డిజిటల్ తీరు వేరు. సిగ్నల్ దాని చుట్టూ ఉన్న రొద కంటే సుమారు 15 డెసిబెల్ (సిగ్నల్ బలాన్ని పోల్చి చెప్పే కొలమానం, 3 పెరిగితే రెట్టింపు, 10 పెరిగితే పదింతలు) ఎక్కువగా ఉంటే బొమ్మ అద్దంలా వస్తుంది. అంతకంటే కాస్త తగ్గిందా, మొదట గళ్లు గళ్లుగా విడిపోతుంది, తర్వాత తెర నల్లబడుతుంది. మధ్యలో మసకబొమ్మ అనేది లేదు. అందువల్ల అంచు మీద ఉన్న సిగ్నల్ పొద్దున వచ్చి సాయంత్రం పోతుంది. యాంటెన్నా ఎంచుకోవడం అంటే ఆ అంచుకి కొంత దూరంగా, వాన పడినా గాలి వీచినా తట్టుకునేంత మిగులుతో నిలబడటం.

ఇప్పుడు టవర్ల దగ్గరికి వద్దాం. డాలస్ ప్రాంతంలోని ప్రధాన స్టేషన్లన్నీ నగరానికి నైరుతిలో ఉన్న సీడర్ హిల్ నుంచే ప్రసారం చేస్తాయి. అక్కడి పెద్ద టవర్లు 1,500 అడుగుల ఎత్తు దాటాయి. సరళరేఖలో కొలిస్తే ఇర్వింగ్ నుంచి సీడర్ హిల్ సుమారు 16 మైళ్లు. ప్లేనో నుంచి 34, ఫ్రిస్కో నుంచి 40, ప్రాస్పర్ నుంచి 46, సెలీనా నుంచి 52. ఇళ్ల ధరలు చూసుకుని మనవాళ్లు ఉత్తరానికి జరిగేకొద్దీ టవర్లు దూరమవుతున్నాయన్నమాట. దిక్కు మాత్రం అందరికీ దాదాపు ఒక్కటే, దక్షిణం, కొద్దిగా నైరుతి వైపు. ఇది అదృష్టం. టవర్లు తలో దిక్కున ఉండే నగరాలూ ఉన్నాయి.

తెర మీద కనిపించే నంబర్ల సంగతి ఇక్కడే తెలుసుకోవాలి. మీ టీవీలో 5.1 అని కనిపించే ఎన్‌బీసీ స్టేషన్ నిజానికి అయిదో ఛానెల్ మీద లేదు, 24 మీద ఉంది. 4.1 అని కనిపించే ఫాక్స్ 35 మీద ఉంది. 11.1 అనే సీబీఎస్ 19 మీద, 13.1 అనే పీబీఎస్ స్టేషన్ 14 మీద ఉన్నాయి. తెర మీది నంబరుని వర్చువల్ ఛానెల్ (ప్రేక్షకులకి అలవాటైన పాత నంబరు) అంటారు. టవర్ వాస్తవంగా వాడేదాన్ని ఆర్ఎఫ్ ఛానెల్ (గాలిలోని అసలు పౌనఃపున్యం) అంటారు. డిజిటల్‌కి మారినప్పుడు చాలా స్టేషన్లు అసలు చోటు మార్చుకున్నాయి, జనం తికమక పడకుండా పాత నంబరు అలాగే ఉంచుకున్నాయి. డబ్ల్యూఎఫ్‌ఏఏ తీరు వేరు. దాని తెర మీది నంబరూ ఎనిమిదే, అది ప్రసారం చేసే ఆర్ఎఫ్ ఛానెలూ ఎనిమిదే.

దీనివల్ల తేడా ఏమిటి? టీవీ ఛానెళ్లు మూడు గుంపులు. 2 నుంచి 6 వరకు లో వీహెచ్ఎఫ్, 54 నుంచి 88 మెగాహెర్ట్జ్ మధ్య. 7 నుంచి 13 వరకు హై వీహెచ్ఎఫ్, 174 నుంచి 216 వరకు. 14 నుంచి 36 వరకు యూహెచ్ఎఫ్, 470 నుంచి 608 వరకు. పౌనఃపున్యం తగ్గేకొద్దీ తరంగం పొడవు పెరుగుతుంది. యాంటెన్నాలోని లోహపు ఊచ ఆ తరంగం పొడవులో ఇంచుమించు సగం ఉంటే తరంగాన్ని బాగా పట్టుకుంటుంది. లెక్క చేసి చూడండి. ఆర్ఎఫ్ 24 మధ్య పౌనఃపున్యం 533 మెగాహెర్ట్జ్. దాని తరంగం పొడవు సుమారు 56 సెంటీమీటర్లు, సగం 28. ఆర్ఎఫ్ 8 మధ్య పౌనఃపున్యం 183. తరంగం పొడవు 164 సెంటీమీటర్లు, సగం 82.

కిటికీకి అతికించిన ఆ పల్చటి యాంటెన్నాని చేత్తో కొలవండి. అడుగు, మహా అయితే అడుగున్నర ఉంటుంది. లోపల ఉన్న లోహపు రేకు 28 సెంటీమీటర్ల సగం తరంగానికి సరిపోతుంది, 82కి సరిపోదు. ఎనిమిది రాకపోవడానికి మొదటి కారణం ఇదే. రెండో కారణం ప్రసార బలం. యూహెచ్ఎఫ్ స్టేషన్లకి ఎఫ్‌సీసీ (అమెరికా ప్రసారాల నియంత్రణ సంస్థ) 1,000 కిలోవాట్ల వరకు అనుమతిస్తుంది. హై వీహెచ్ఎఫ్‌కి అనుమతించేది అందులో ఆరోవంతు కూడా కాదు. మూడో కారణం మన ఇల్లే. చవకరకం ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, కంప్యూటర్ అడాప్టర్లు పుట్టించే విద్యుత్ రొద యూహెచ్ఎఫ్‌లో కంటే వీహెచ్ఎఫ్‌లో ఎక్కువగా వినిపిస్తుంది. యాంటెన్నా ఇంట్లో ఉంటే ఆ రొద మధ్యలోనే కూర్చుంటుంది. బయటికి తీసుకెళ్తే దాన్నుంచి దూరమవుతుంది. బయటి యాంటెన్నా మేలు అనడానికి ఎత్తు ఒక్కటే కారణం కాదు.

మీరు డాలస్‌లో లేకపోయినా ఇదే లెక్క పనికొస్తుంది. న్యూజెర్సీలోని ఎడిసన్ వాళ్లకి న్యూయార్క్ టవర్లు పాతిక మైళ్ల దూరంలో ఉంటాయి. అక్కడ ఏబీసీ ఆర్ఎఫ్ 7 మీద, డబ్ల్యూపీఐఎక్స్ అనే స్టేషన్ 11 మీద ఉన్నాయి, రెండూ హై వీహెచ్ఎఫ్. ఫిలడెల్ఫియా వాళ్లది ఇంకా కష్టం. అక్కడి ఏబీసీ స్టేషన్ డబ్ల్యూపీవీఐ ఆర్ఎఫ్ 6 మీద ఉంది. అది లో వీహెచ్ఎఫ్. దానికి ఊచ పొడవు 176 సెంటీమీటర్లు కావాలి, అంటే దాదాపు ఆరడుగుల మనిషి అంత. కాబట్టి యాంటెన్నా కొనేముందు తెలుసుకోవాల్సిన మొదటి సంగతి మీ ఊళ్లో మీకు కావాల్సిన స్టేషన్లు ఏ ఆర్ఎఫ్ ఛానెళ్ల మీద ఉన్నాయన్నది. ఎఫ్‌సీసీ వెబ్‌సైట్‌లో డీటీవీ మ్యాప్ ఉంది. రాబిట్‌ఇయర్స్ అనే సైట్ ఇంకా వివరంగా చెబుతుంది. మీ చిరునామా ఇస్తే స్టేషన్ల జాబితా, ఆర్ఎఫ్ ఛానెల్, దూరం, దిక్కు, సిగ్నల్ అంచనా వస్తాయి. యాంటెన్నా ఎంత ఎత్తున పెడతారో కూడా అందులో ఇవ్వొచ్చు. పది అడుగులకీ ముప్పై అడుగులకీ తేడా ఎంతో అక్కడే చూసుకోండి.

ఇక డబ్బా మీది రాతల సంగతి. "250 మైళ్లు", "400 మైళ్లు" అని రాసి అమ్ముతారు. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి అది జరిగే పని కాదు. గాలిలో తరంగం కాస్త వంగుతుందన్న వెసులుబాటు కలుపుకుని కూడా, అడుగుల్లో ఎత్తుకి వర్గమూలం తీసి 1.41తో గుణిస్తే ఆ ఎత్తు నుంచి రేడియో దిగంతం (తరంగం నేరుగా చేరగల చివరి చోటు) మైళ్లలో వస్తుంది. 1,500 అడుగుల టవర్‌కి ఇది సుమారు 55. మీ కప్పు మీద 30 అడుగుల ఎత్తున ఉన్న యాంటెన్నాకి 8 కంటే తక్కువ. రెండూ కలిపితే 62 మైళ్లు. అది కూడా చదునైన నేల మీద. దాటాక సిగ్నల్ పూర్తిగా చావదు గానీ వేగంగా పడిపోతుంది. కొన్ని రాత్రులు వాతావరణం కలిసొచ్చి ఎక్కడో దూరపు స్టేషన్ కనిపించవచ్చు, తెల్లారేసరికి ఉండదు. "4కే యాంటెన్నా", "డిజిటల్ యాంటెన్నా", "హెచ్‌డీ యాంటెన్నా" అన్న మాటలకీ అర్థం లేదు. యాంటెన్నా లోహపు ముక్క. దానికి తరంగం పొడవు తెలుసు, అందులో ఏ బొమ్మ ఉందో తెలియదు. మీ తాతగారి కాలపు యాంటెన్నా అమెరికాలో అటక మీద దొరికితే, ఊచలు విరగకపోతే, ఈనాటి డిజిటల్ సిగ్నల్‌కి అదీ పనిచేస్తుంది.

డబ్బా మీద చూడాల్సింది గెయిన్ (ఒక దిక్కు నుంచి యాంటెన్నా ఎంత ఎక్కువ సిగ్నల్ పోగుచేస్తుందన్న కొలత). అది డెసిబెల్‌లలో ఉండాలి. వీహెచ్ఎఫ్‌కి వేరుగా, యూహెచ్ఎఫ్‌కి వేరుగా ఇవ్వాలి. ఒక్క అంకె మాత్రమే ఇచ్చి ఊరుకుంటే అది సాధారణంగా యూహెచ్ఎఫ్‌ది, అందులోనూ మంచి చోటిది. ఇంకో కిటుకు ఉంది. కొందరు డీబీఐ అనీ కొందరు డీబీడీ అనీ రాస్తారు. ఒకే యాంటెన్నాకి డీబీఐ అంకె 2.15 ఎక్కువ చూపిస్తుంది. పోల్చేటప్పుడు రెండూ ఒకే కొలమానంలో ఉన్నాయో లేదో చూసుకోవాలి. గెయిన్ ఊరికే రాదు. ఒక దిక్కు నుంచి ఎక్కువ పోగుచేసే యాంటెన్నా మిగతా దిక్కుల నుంచి తక్కువ తీసుకుంటుంది. నలుదిక్కుల నుంచీ పట్టుకుంటుందని చెప్పే గుండ్రటి యాంటెన్నాకి ఏ దిక్కునా పెద్ద గెయిన్ ఉండదు. టవర్లన్నీ ఒకే దిక్కున ఉన్న డాలస్‌లో అది అక్కర్లేని వస్తువు.

ఆకారాల్లో మూడు రకాలు ఎక్కువగా దొరుకుతాయి. ఒక బద్దకి పొట్టి పొడుగు ఊచలు వరసగా ఉండేది లాగ్ పీరియాడిక్. ఇది అనేక ఛానెళ్లని సమంగా పడుతుంది. రెండోది యాగి-ఉడా. జపాన్‌లోని తోహొకు విశ్వవిద్యాలయంలో 1926 ప్రాంతంలో షిన్‌తారో ఉడా, హిదెత్సుగు యాగి కలిసి బయటపెట్టారు. పనిలో ఎక్కువ భాగం ఉడాది, లోకంలో పేరు యాగిది. కొన్ని ఛానెళ్ల మీదే గట్టిగా పట్టు కావాలంటే ఇది మేలు. మూడోది బో టై. వెనక జల్లెడలాంటి కడ్డీల చట్రం, ముందు సీతాకోకచిలుక రెక్కల్లా జతలు జతలుగా తీగలు ఉంటాయి. యూహెచ్ఎఫ్‌కి ఇది చాలా మంచిది, వీహెచ్ఎఫ్‌కి అంతంత మాత్రం. అందుకే ఇప్పుడు బో టై పక్కనే రెండు పొడుగాటి ఊచలు తగిలించి అమ్ముతున్నారు. ఆ ఊచలు ఎనిమిదో ఛానెల్ కోసమే. వాటిని అడ్డమనుకుని బిగించకుండా డబ్బాలోనే వదిలేస్తే మళ్లీ మొదటి సమస్యే.

బిగించేటప్పుడు జరిగే పొరపాటు ఇంకొకటి ఉంది. పొట్టి ఊచలు ఉన్న కొస టవర్ వైపు ఉండాలి, పొడుగు ఊచలు ఉన్న కొస వెనక్కి ఉండాలి. బాణంలా కనిపిస్తుంది కాబట్టి కొందరు తిరగేసి పెడతారు. ఊచలు నేలకి సమాంతరంగా అడ్డంగా ఉండాలి, నిలువుగా కాదు. బో టైకి జల్లెడ వైపు ఇంటికి, తీగల వైపు టవర్‌కి.

ఎక్కడ పెట్టాలి? కప్పు మీద అయితే అన్నిటికంటే మేలు. అటక తేలిక, వానా ఎండా తగలవు, ఎవరికీ కనిపించదు. కానీ టెక్సస్‌లో ఒక చిక్కు ఉంది. ఇక్కడి ఎండలకి కొత్త ఇళ్ల కప్పు పలకలకి లోపలివైపు మెరిసే అల్యూమినియం పొర వేస్తారు. దాన్ని రేడియంట్ బారియర్ (ఎండ వేడిని వెనక్కి కొట్టే పొర) అంటారు. అది వేడితో పాటు టీవీ తరంగాన్నీ వెనక్కి కొడుతుంది. అటకెక్కి టార్చి వేసి పైకి చూడండి. చెక్క కనిపిస్తే ప్రయత్నించవచ్చు. వెండిలా మెరిస్తే ఆ అటకలో ఎంత ఖరీదైన యాంటెన్నా పెట్టినా లాభం ఉండదు, బయటికి వెళ్లాల్సిందే. గోడకి స్టక్కో పూత కింద ఇనుప వల ఉన్నా, కిటికీ అద్దానికి లోహపు పొర ఉన్నా ఇదే సమస్య. ఎదురుగా పెద్ద చెట్లుంటే ఆకుల్లోని నీరు కొంత సిగ్నల్ తినేస్తుంది.

యాంటెన్నా నుంచి టీవీ దాకా వచ్చే దారిలో ఎంత పోతుందో చాలామంది లెక్క వేయరు. ఆర్‌జీ-6 కేబుల్ వంద అడుగులకి యూహెచ్ఎఫ్‌లో ఇంచుమించు 5 డెసిబెల్ పోగొడుతుంది. కప్పు నుంచి హాల్లోకి అరవై అడుగులు వేశారనుకోండి, 3 పోయాయి. అంటే సగం సిగ్నల్ దారిలోనే పోయింది. ఇంట్లో నాలుగు టీవీలకి నాలుగు దారుల స్ప్లిటర్ (ఒక కేబుల్‌ని పంచే డబ్బీ) పెట్టారు, ఇంకో 7 పోయాయి. మొత్తం 10. యాంటెన్నా పట్టిన దాంట్లో పదోవంతే ఒక్కో టీవీకి చేరింది. అంచు మీద ఉన్న ఇంట్లో ఒక టీవీకి వచ్చి నాలుగింటికి రాకపోవడం ఇందువల్లే.

ఇక్కడే అందరికీ బూస్టర్ గుర్తొస్తుంది. దాని అసలు పని కేబుల్‌లోనూ స్ప్లిటర్‌లోనూ పోయేదాన్ని ముందుగానే భర్తీ చేయడం. యాంటెన్నా పట్టుకోలేని సిగ్నల్‌ని అది పుట్టించలేదు. పెళ్లిపందిట్లో బ్యాండుమేళం మధ్య ఫోన్లో మాట్లాడేవాడి మాట పెద్ద స్పీకర్‌లో పెడితే మాటా పెరుగుతుంది, మేళమూ పెరుగుతుంది, మాట మాత్రం తెలియదు. టీవీకి కావాల్సింది సిగ్నల్‌కీ రొదకీ మధ్య ఆ 15 డెసిబెల్ తేడా. ఆ తేడా యాంటెన్నా దగ్గర ఎంతుందో అంతే, తర్వాత పెరగదు. అందువల్ల ప్రీయాంప్లిఫయర్ (యాంటెన్నా పక్కనే బిగించే బూస్టర్) పెట్టాలంటే యాంటెన్నాని నిలబెట్టే గొట్టం మీద, యాంటెన్నాకి దగ్గరగా పెట్టాలి, తేడా ఇంకా చెడకముందే. టీవీ వెనక పెడితే అప్పటికే పోయింది తిరిగి రాదు. కొనేటప్పుడు నాయిస్ ఫిగర్ (అది సొంతంగా కలిపే రొద) 1, 2 డెసిబెల్ దగ్గర ఉన్నది చూడండి. ఎక్కువ గెయిన్ కంటే ఇది ముఖ్యం. దానికి కరెంటు కేబుల్ లోంచే పైకి వెళ్తుంది. కరెంటు ఇచ్చే చిన్న డబ్బీకీ బూస్టర్‌కీ మధ్య మామూలు స్ప్లిటర్ పెడితే కరెంటు ఆగిపోతుంది, ఏ ఛానెలూ రాదు.

ఇర్వింగ్‌లో ఉండి బూస్టర్ పెట్టేవాళ్లకి ఉల్టా సమస్య. పదహారు మైళ్ల దూరం నుంచి సిగ్నల్ బలంగానే వస్తుంది. దాన్ని ఇంకా పెంచితే ట్యూనర్ తట్టుకోలేక, వచ్చే ఛానెళ్లు కూడా పోతాయి. ఇంకొక మార్పు కూడా జరిగింది. పాత 38 నుంచి 51 వరకు ఉన్న టీవీ ఛానెళ్లని ప్రభుత్వం 2017లో ముగిసిన వేలంలో ఫోన్ కంపెనీలకి అమ్మేసింది. టీవీ స్టేషన్లు 2020 జూలై కల్లా అక్కణ్నుంచి ఖాళీ చేశాయి. ఇప్పుడు అక్కడ సెల్ టవర్లు మాట్లాడుతున్నాయి. మీ ఇంటి దగ్గర్లో సెల్ టవర్ ఉండి, బూస్టర్ పెట్టగానే ఛానెళ్లు తగ్గితే, ఎల్‌టీఈ ఫిల్టర్ (ఫోన్ సిగ్నల్‌ని ఆపే చిన్న గొట్టం) ఒకటి బూస్టర్ ముందు పెట్టి చూడండి.

భద్రత గురించి చెప్పకుండా ఈ విషయం పూర్తి కాదు. ఇంటి ముందు కరెంటు తీగలు వెళ్తుంటే, గొట్టం పడిపోయినా వాటిని తాకనంత దూరంలో పెట్టాలి. యాంటెన్నా గొట్టానికి పది గేజీ రాగి తీగ కట్టి ఇంటి ఎర్తింగ్‌కి కలపాలి. కేబుల్ ఇంట్లోకి వచ్చే చోట గ్రౌండ్ బ్లాక్ పెట్టి దాన్నీ అక్కడికే కలపాలి. విడిగా ఒక కడ్డీ నేలలో పాతి ఊరుకోవడం తప్పు. ఇంటి ఎర్తింగ్‌తో కలవని కడ్డీ ఉంటే రెండిటి మధ్య వోల్టేజీ తేడా వచ్చి, పిడుగు దగ్గర్లో పడ్డ రోజున అది టీవీలోంచే పోతుంది. నేరుగా పడ్డ పిడుగుని ఏ ఎర్తింగూ ఆపలేదు. రోజువారీ గాలికి, మబ్బులకి పోగయ్యే స్థిర విద్యుత్తుని దించడం దాని పని. నిచ్చెనెక్కడం అలవాటు లేనివాళ్లు ఈ పనికి మనిషిని పిలవడమే మంచిది.

మరి హెచ్‌ఓఏ (కాలనీలో ఇళ్ల యజమానుల సంఘం) ఒప్పుకుంటుందా? ఫ్రిస్కో వైపు తలుపు రంగు మార్చాలన్నా అడగాల్సిన కాలనీలు ఉన్నాయి కాబట్టి ఈ భయం సహజం. ఈ విషయంలో చట్టం మీ వైపు ఉంది. 1996 టెలికాం చట్టం ఆధారంగా ఎఫ్‌సీసీ ఓటార్డ్ అనే నిబంధన తెచ్చింది. దాని ప్రకారం సొంత స్థలంలో టీవీ యాంటెన్నా పెట్టుకోకుండా సంఘం గానీ ఊరి పాలకులు గానీ అడ్డుపడకూడదు, అనవసరంగా ఆలస్యం చేయకూడదు, ఖర్చు పెంచకూడదు, సిగ్నల్ చెడిపోయే చోటికి జరపమనకూడదు. సిగ్నల్ అంతే బాగా వచ్చే, ఖర్చు పెరగని చోటు వెనకవైపు ఉంటే అక్కడ పెట్టమని అడగవచ్చు. భద్రత కోసం, చారిత్రక కట్టడాల కోసం పెట్టే నియమాలకి మినహాయింపు ఉంది. గొట్టం కప్పు మీంచి 12 అడుగులు దాటితే అనుమతి అడగవచ్చు. అద్దెకున్నవాళ్లకీ ఈ హక్కు ఉంది, కానీ తమకి మాత్రమే చెందిన బాల్కనీ, పెరడు వరకే. అపార్ట్‌మెంట్ ఉమ్మడి కప్పు మీద లేదు. సంఘం నుంచి ఉత్తరం వస్తే కంగారుపడి తీసేయకండి. ఓటార్డ్ పేరు రాసి మర్యాదగా జవాబివ్వండి.

ఏటీఎస్‌సీ 3.0 లేదా నెక్స్ట్‌జెన్ టీవీ అనే కొత్త ప్రమాణం వస్తోందని, దానికి కొత్త యాంటెన్నా కావాలని కొందరు అమ్మజూపుతారు. అవసరం లేదు. మారేది ట్యూనర్, తరంగాలు అవే.

ఇంతా చెప్పాక నా అభిప్రాయం. ఇర్వింగ్, డాలస్ దక్షిణ శివార్ల వాళ్లకి వీహెచ్ఎఫ్ ఊచలున్న చిన్న యాంటెన్నా, పొర లేని అటకలో గానీ బాల్కనీలో గానీ చాలు, బూస్టర్ వద్దు. ప్లేనో, ఫ్రిస్కో వాళ్లు నాలుగు జతల బో టైకి వీహెచ్ఎఫ్ ఊచలు కలిసినది గానీ, మధ్యస్థపు లాగ్ పీరియాడిక్ గానీ కప్పు మీద పెట్టుకోవాలి. ముందు బూస్టర్ లేకుండా ఒక టీవీకే తగిలించి చూడండి. అది బాగా వచ్చి, మిగతా గదులకి పంచినప్పుడు తగ్గితేనే బూస్టర్ కొనండి. ప్రాస్పర్, సెలీనా వాళ్లు పెద్ద యాంటెన్నా, ఎత్తు, మంచి ప్రీయాంప్లిఫయర్ మూడూ కావాలనుకునే మొదలుపెట్టాలి. ఇంటికి దక్షిణాన నేల ఎత్తుగా ఉంటే ఎనిమిది కొన్ని రోజులు రాకపోవచ్చని కూడా అనుకోవాలి.

పెట్టాక టీవీ సెట్టింగుల్లో సిగ్నల్ మీటర్ తెరిచి, బలం కంటే నాణ్యత చూపే అంకె చూస్తూ యాంటెన్నాని అయిదేసి డిగ్రీలు తిప్పండి. తిప్పాక అంకె కుదురుకునే దాకా కాసేపు ఆగండి. అన్నిటికంటే బలహీనమైన ఛానెల్ మీద సరిచేయండి. డాలస్‌లో అది ఎనిమిది. జనవరిలో ఆకులు రాలిన చెట్ల మధ్యనుంచి బాగా వచ్చిందని బిల్లు పారేయకండి. ఏప్రిల్, మే నెలల్లో చెట్లు నిండాక, ఒక వాన రోజున మళ్లీ చూడండి. అప్పుడూ ఎనిమిది ఆగకుండా వస్తే మీరు సరైన యాంటెన్నా కొన్నట్టే.